పాత ఐటీ రిటర్న్స్ వేయకుండా వదిలేశారా? లేట్ ఫీజు, వడ్డీ, ఐటీఆర్-యు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యాక్స్ రిటర్న్స్ పని కోసం మా దగ్గరికి జూలై వస్తే ఒక రకం జనం వస్తారు, మార్చి నెలాఖరుకి ఇంకో రకం జనం వస్తారు. ఈ పేజీ రెండో రకం వాళ్ళ కోసం. రెండు మూడేళ్ళ రిటర్న్స్ వేయకుండా వదిలేసి, బ్యాంకు వాళ్ళో వీసా వాళ్ళో అడిగితేనో, ఫోన్‌కి ఇన్‌కం ట్యాక్స్ మెసేజ్ వస్తేనో గుర్తొచ్చి కంగారు పడేవాళ్ళు అడిగే ప్రశ్నలే ఇవన్నీ, వాళ్ళు అడిగిన మాటల్లోనే రాశాను.

మూడేళ్ళుగా ఐటీ వేయలేదండీ, ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు రిటర్న్ ఫారం జోలికి పోకండి. ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి, వేయని ప్రతి సంవత్సరానికీ ఏఐఎస్, ఫారం 26ఏఎస్ (మీ పేరు మీద ఇప్పటికే కట్ అయిన ట్యాక్స్ పట్టీ) రెండూ డౌన్‌లోడ్ చేసుకోండి. ఏఐఎస్ అంటే మీ గురించి డిపార్ట్‌మెంట్ దగ్గర ఇప్పటికే ఉన్న చిట్టా అన్నమాట. సేవింగ్స్ అకౌంట్ వడ్డీ, ఎప్పుడో అత్తగారి ఊళ్ళో బ్యాంకులో వేసి మర్చిపోయిన ఎఫ్‌డీ వడ్డీ, అమ్మిన మ్యూచువల్ ఫండ్లు, 30 లక్షలు దాటిన రిజిస్ట్రేషన్లు, సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి 10 లక్షలు దాటి వేసిన క్యాష్, అన్నీ లైను లైనుగా కనిపిస్తాయి. "నాకు జీతం తప్ప ఏం లేదండీ" అని కూర్చున్నవాళ్ళు అది తెరిచాక కాసేపు మాట్లాడరు.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద సంవత్సరాలు రాసుకుని ప్రతి దాని పక్కనా ఒక్క మాట రాయండి, ట్యాక్స్ ఇంకా కట్టాలా లేక రీఫండ్ రావాలా. దారి మొత్తం దీని మీదే ఉంది. కట్టాల్సిన సంవత్సరానికి ఒక దారి, రావాల్సిన సంవత్సరానికి ఇంకో దారి, రెండూ కలిపి ఒకే గాటన కట్టేస్తే అనవసరంగా డబ్బులు పోతాయి.

టీడీఎస్ కట్ అయిపోయింది కదా, ఇంక రిటర్న్ ఎందుకు?

టీడీఎస్ (జీతమో వడ్డీయో ఇచ్చేవాళ్ళు ముందే పట్టుకునే ట్యాక్స్) అంటే ట్యాక్స్ కట్టినట్టు, లెక్క చెప్పినట్టు కాదు. మీ ఆదాయం బేసిక్ లిమిట్ (ట్యాక్స్ లెక్క మొదలయ్యే మొత్తం) దాటితే రిటర్న్ వేయాల్సిందే, అదీ 80సీ (ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి పొదుపులకి ఇచ్చేది) లాంటి తగ్గింపులు తీసేయకముందు ఉన్న ఆదాయం చూడాలి.

ఇక్కడే ఇప్పుడు ఎక్కువ మంది పడుతున్నారు, "12 లక్షల దాకా ట్యాక్స్ లేదు కదా" అని. 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిలో (రేట్లు తక్కువ, తగ్గింపులు చాలావరకు ఉండవు) 12 లక్షల దాకా ట్యాక్స్ పడకపోవడం రిబేటు (లెక్కకొచ్చిన ట్యాక్స్‌ని వదిలేయడం) వల్ల, అసలు లిమిట్ మాత్రం 4 లక్షలే. ఆరు లక్షలు సంపాదించినాయన రూపాయి ట్యాక్స్ కట్టక్కర్లేదు గానీ రిటర్న్ వేయాలి. అంతకుముందు రెండేళ్ళకి కొత్త పద్ధతిలో ఆ లిమిట్ 3 లక్షలు, పాత పద్ధతిలో మామూలు వాళ్ళకి 2.5 లక్షలు.

ఆదాయం తక్కువున్నా వేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఏడాదిలో ఫారిన్ ట్రిప్‌కి 2 లక్షలు దాటి ఖర్చు పెట్టినా (మీ మీద కానీ ఇంకొకరి మీద కానీ), కరెంటు బిల్లు లక్ష దాటినా, టీడీఎస్, టీసీఎస్ (కొన్నిటికి డబ్బు కట్టేటప్పుడు అవతలివాళ్ళు వసూలు చేసే ట్యాక్స్) కలిపి 25 వేలు (60 ఏళ్ళు దాటినవాళ్ళకి 50 వేలు) అయినా, సేవింగ్స్ ఖాతాల్లో మొత్తం 50 లక్షలు జమ అయినా వేయాలి. కరెంటు బిల్లు సంగతి చెప్తే నవ్వుతారు, మూడు ఏసీలున్న ఇంటికి లక్ష దాటడం పెద్ద విషయమా చెప్పండి.

ఫైనాన్షియల్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ ఎప్పుడూ కన్ఫ్యూజ్ అవుతాను

సంపాదించింది ఫైనాన్షియల్ ఇయర్, దాని తర్వాతది అసెస్‌మెంట్ ఇయర్. 2022-23లో సంపాదించిందానికి అసెస్‌మెంట్ ఇయర్ 2023-24. చలాన్ కట్టేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్ పెట్టాలి, ఇది తప్పు పెట్టి కట్టేసి తర్వాత డబ్బు కనపడట్లేదని తిరిగేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. పోర్టల్‌లోనే చలాన్ కరెక్షన్ రిక్వెస్ట్ ఉంది కానీ దానికి కూడా గడువుంటుంది, తప్పు కనపడిన రోజే పెట్టేయండి.

జూలై 31 దాటిపోయింది, డిసెంబర్ ఇంకా రాలేదు. ఎంత పడుతుంది?

ఇది తేలికైన కేసు. డిసెంబర్ 31 దాకా బిలేటెడ్ రిటర్న్, అంటే గడువు దాటాక వేసే రిటర్న్, వేసుకోవచ్చు. సెక్షన్ 234ఎఫ్ కింద లేట్ ఫీజు 5,000, మొత్తం ఆదాయం 5 లక్షల లోపుంటే 1,000, బేసిక్ లిమిట్ కూడా దాటకపోతే మామూలుగా ఏమీ లేదు. కట్టాల్సిన ట్యాక్స్ ఇంకా ఉంటే దాని మీద 234ఏ కింద నెలకి 1 శాతం వడ్డీ, నెలలో ఒక్క రోజు గడిచినా ఆ నెల పూర్తిగా లెక్క. టీడీఎస్ పోగా 10 వేలు లేదా అంతకంటే ఎక్కువ ట్యాక్స్ ఉండి అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది నడుస్తుండగానే వాయిదాల్లో కట్టేది) కట్టకపోతే 234బీ, 234సీ వడ్డీలు వేరే. వ్యాపారం లేని 60 దాటిన పెద్దవాళ్ళకి అడ్వాన్స్ ట్యాక్స్ గొడవ లేదు.

ఒక చిన్న కిటుకు. కాగితాలు అందక గడువులోపు రిటర్న్ వేయలేకపోతున్నా, రఫ్‌గా లెక్కేసి ట్యాక్స్ మాత్రం గడువు తేదీలోపే సెల్ఫ్ అసెస్‌మెంట్ చలాన్‌లో కట్టేయండి. అలా కట్టిన డబ్బు మీద 234ఏ వడ్డీ వేయకూడదని సీబీడీటీ (ఇన్‌కం ట్యాక్స్ శాఖని నడిపే బోర్డు) 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. లేట్ ఫీజు తప్పదు, వడ్డీ అయినా మిగులుతుంది.

డిసెంబర్ 31 కూడా అయిపోయింది. ఇంక దారి లేదా?

ఉంది, అప్‌డేటెడ్ రిటర్న్, అందరూ ఐటీఆర్-యు అంటారు. 2022లో తెచ్చారు, అప్పుడు రెండేళ్ళే టైం ఇచ్చారు, 2025 ఏప్రిల్ నుంచి దాన్ని నాలుగేళ్ళు చేశారు. అసెస్‌మెంట్ ఇయర్ అయిపోయిన రోజు నుంచి లెక్క. మొదటి ఏడాదిలో వేస్తే ట్యాక్స్, వడ్డీ కలిపిన మొత్తం మీద ఇంకో 25 శాతం అదనం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70.

తేదీల్లో చెప్పాలంటే, అసెస్‌మెంట్ ఇయర్ 2021-22కి 2026 మార్చి 31తో సరి. 2022-23కి 2027 మార్చి 31 దాకా ఉంది, ఆఖరి ఏడాది కాబట్టి 70 శాతం. 2023-24కి 2027 మార్చి 31 లోపు 60, ఆ తర్వాత 2028 మార్చి దాకా 70. 2024-25కి 2026 మార్చి 31 లోపైతే 25, ఆ మరుసటి రోజు నుంచి 50. అసెస్‌మెంట్ ఇయర్ 2025-26కి 2027 మార్చి 31 దాకా 25 శాతమే. చూశారు కదా, మార్చి 31కీ ఏప్రిల్ 1కీ మధ్య ఒక్క రాత్రిలో రేటు మారిపోతుంది, మార్చి నెలాఖర్న పోర్టల్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే, అందుకే చివరి వారం దాకా లాగొద్దు.

ఒక అసెస్‌మెంట్ ఇయర్‌కి ఐటీఆర్-యు ఒక్కసారే. వేశాక ఇంకో ఎఫ్‌డీ గుర్తొచ్చింది అంటే కుదరదు, అందుకే ముందు ఏఐఎస్ అన్నాను.

ఆ శాతాలు వింటే అర్థం కావట్లేదు, డబ్బుల్లో చెప్పండి

సరే. ఒకాయనకి 2022-23 ఆదాయానికి (అసెస్‌మెంట్ ఇయర్ 2023-24) టీడీఎస్ పోగా ఇంకా 40,000 ట్యాక్స్ కట్టాల్సి ఉంది, ఆదాయం 5 లక్షలు పైనే, అడ్వాన్స్ ట్యాక్స్ ఏమీ కట్టలేదు అనుకుందాం. గడువు 2023 జూలై 31.

ఆయన 2023 డిసెంబర్‌లో బిలేటెడ్ వేసుంటే: 234ఏ ఐదు నెలలకి 2,000, 234బీ ఏప్రిల్ నుంచి తొమ్మిది నెలలకి 3,600, 234సీ 2,020, లేట్ ఫీజు 5,000. అసలుతో కలిపి 52,620తో అయిపోయేది.

అదే పని 2026 జూన్‌లో ఐటీఆర్-యు వేస్తే: 234ఏ 35 నెలలకి 14,000, 234బీ 39 నెలలకి 15,600, 234సీ అదే 2,020. ట్యాక్స్, వడ్డీ కలిపి 71,620 అయ్యింది. దాని మీద 60 శాతం అంటే 42,972. మళ్ళీ లేట్ ఫీజు 5,000. మొత్తం 1,19,592.

నలభై వేల బాకీ లక్షా ఇరవై వేలయింది, ఊళ్ళో నెలకి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నా ఇంత కాదు. ఇంకో ఏడాది ఆగితే 70 శాతం, నెలనెలా వడ్డీ ఎలాగూ పెరుగుతూనే ఉంటుంది. "ఎలాగూ లేటయింది కదా, వచ్చే ఏడాది అన్నీ కలిపి వేద్దాం" అనేవాళ్ళకి ఈ లెక్క చూపిస్తే చాలు.

పాత సంవత్సరానికి నాకు రీఫండ్ రావాలి, ఐటీఆర్-యు వేసి తీసుకోవచ్చా?

కుదరదు. ఐటీఆర్-యు గవర్నమెంటుకి అదనంగా కట్టడానికే గానీ వెనక్కి తీసుకోవడానికి కాదు. ఉన్న రీఫండ్ పెంచుకోవడానికి, ట్యాక్స్ తగ్గించుకోవడానికి, నష్టం చూపించడానికి కూడా పనికిరాదు.

రీఫండ్ కోసం ఉన్న దారి కాండొనేషన్. సెక్షన్ 119(2)(బి) కింద "ఫలానా కారణం వల్ల టైంకి వేయలేకపోయాను, ఆలస్యాన్ని మన్నించండి" అని కమిషనర్‌కి అప్లికేషన్ పెట్టాలి. పోర్టల్‌లో సర్వీసెస్ కింద కాండొనేషన్ రిక్వెస్ట్ అని ఉంటుంది. 2024 అక్టోబర్ 1న వచ్చిన సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ ఇయర్ అయిపోయాక ఐదేళ్ళ లోపు పెట్టుకోవచ్చు, కోటి రూపాయల లోపు క్లెయిమ్ అయితే కమిషనర్ లేదా ప్రిన్సిపల్ కమిషనరే చూస్తారు, వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలి అని కూడా అందులో రాశారు. ఆర్డర్ మీకు అనుకూలంగా వచ్చాక అప్పుడు రిటర్న్ వేయాలి. లేటుగా అడిగిన రీఫండ్ కాబట్టి దాని మీద వడ్డీ ఇవ్వరు.

కారణం మాత్రం గట్టిగా ఉండాలి, కాగితం ఉండాలి. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ, ఇంట్లో మరణం, పాత కంపెనీ మూతబడి ఫారం 16 ఇవ్వకపోవడం లాంటివి. "తెలియలేదు సార్" అని ఒక్క లైను రాసి పంపిస్తే ఆయన మాత్రం ఏం రాసి సంతకం పెడతారు. నా అభిప్రాయం అడిగితే రెండు మూడు వేల రీఫండ్‌కి ఇంత తిరుగుడు దండగ, నలభై యాభై వేలయితే మాత్రం వదలొద్దు.

లేటుగా వేస్తే ఎల్ఐసీ, ఇంటి లోను, హెచ్ఆర్ఏ (అద్దె అలవెన్సు) చూపించుకోవచ్చా?

లేట్ ఫీజు 5,000 గురించే అందరూ అడుగుతారు గానీ అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. అసెస్‌మెంట్ ఇయర్ 2024-25 నుంచి కొత్త పద్ధతి డిఫాల్ట్ అయింది, అంటే మీరు ఏదీ ఎంచుకోకపోతే అదే వర్తిస్తుంది, పాత పద్ధతి కావాలంటే గడువులోపే రిటర్న్ వేసి ఎంచుకోవాలి, వ్యాపారం ఉన్నవాళ్ళయితే గడువులోపే ఫారం 10-ఐఈఏ ఇవ్వాలి. గడువు దాటితే కొత్త పద్ధతే గతి. అంటే 80సీ లేదు, హెచ్ఆర్ఏ లేదు, సొంతింట్లో ఉంటూ కట్టే లోను వడ్డీ లేదు. కంపెనీ వాళ్ళు పాత పద్ధతిలో లెక్కేసి టీడీఎస్ తక్కువ కట్ చేసుంటే, లేటుగా వేసేసరికి కొత్త పద్ధతిలో తేడా బయటికొచ్చి ఇంకా కట్టాల్సి రావచ్చు.

2021-22 నుంచి 2023-24 దాకా అసెస్‌మెంట్ ఇయర్లకి ఇది తిరగబడి ఉంటుంది, అప్పుడు పాత పద్ధతే డిఫాల్ట్, లేటుగా వేసినా తగ్గింపులు ఉంటాయి, కొత్తది ఎంచుకోవడానికే గడువు. అందుకని రెండు మూడు సంవత్సరాలవి ఒకేసారి వేసేటప్పుడు అన్నిటికీ ఒకే ఫార్ములా కాపీ కొట్టొద్దు.

షేర్లలో, ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) లాస్ వచ్చింది. లాసే కదా, వేయకపోతే ఏమవుతుంది?

లాస్ వచ్చినవాళ్ళే టైంకి వేయాలి. గడువులోపు వేస్తే షేర్ల క్యాపిటల్ లాస్, ఎఫ్ అండ్ ఓ బిజినెస్ లాస్ ఎనిమిదేళ్ళు ముందుకి తీసుకెళ్ళి వచ్చే లాభాల్లో తగ్గించుకోవచ్చు. లేటయితే ఆ హక్కు పోతుంది, ఇంటి మీద వచ్చిన లాస్ ఒక్కటి మాత్రం మిగులుతుంది. ఈ ఏడాది రెండు లక్షలు పోగొట్టుకుని, వచ్చే ఏడాది రెండు లక్షలు సంపాదించి, దాని మీద ట్యాక్స్ కట్టిన కుర్రాళ్ళున్నారు. ఇంకోటి, ఎఫ్ అండ్ ఓ ఉంటే మామూలుగా ఐటీఆర్-3 ఫారం (వ్యాపారం ఉన్నవాళ్ళది) పడుతుంది, ఐటీఆర్-1 వేసేసి అయిపోయింది అనుకోవద్దు.

ఒకే ఏడాదిలో రెండు కంపెనీల్లో చేశాను, రెండు చోట్లా టీడీఎస్ కట్ చేశారు, అయినా ట్యాక్స్ కట్టమంటోంది

మాదాపూర్, గచ్చిబౌలి వాళ్ళ దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. రెండో కంపెనీకి మొదటి కంపెనీ జీతం సంగతి చెప్పకపోతే ఇద్దరూ విడివిడిగా స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి అందరికీ నేరుగా తగ్గించే మొత్తం), స్లాబులు, రిబేటు అన్నీ ఇచ్చేస్తారు, కలిపి చూస్తే తేడా వస్తుంది. పాత కంపెనీ హెచ్ఆర్ ఫారం 16 ఇవ్వకపోయినా ఆగక్కర్లేదు, 26ఏఎస్‌లో జీతం, టీడీఎస్ నెలనెలా ఉంటాయి, పేస్లిప్పులు పక్కన పెట్టుకుని లెక్క తేల్చుకోవచ్చు.

అబ్బాయి ఎంఎస్‌కి అమెరికా వెళ్తున్నాడు, మూడేళ్ళ ఐటీఆర్లు కావాలన్నారు. ఇప్పుడు వేసి ఇవ్వగలరా?

ఈ ప్రశ్న గుంటూరులో అడుగుతారు, కరీంనగర్‌లో అడుగుతారు, అమెరికా పిచ్చి ఉన్న ప్రతి ఊళ్ళో అడుగుతారు. ప్లాస్టిక్ కవర్ నిండా పాస్ పుస్తకాలు, పొలం పట్టా, చిట్టీ రసీదులు, మిర్చి యార్డు పట్టీలు తెచ్చి టేబుల్ మీద పోస్తారు. ఐటీఆర్ ఒక్కటి ఉండదు.

నిజంగా ఆదాయం ఉండి, ట్యాక్స్ కట్టాల్సి ఉండి వేయనివాళ్ళయితే సరే, ఇప్పుడు నడుస్తున్న సంవత్సరానికి మామూలు లేదా బిలేటెడ్ రిటర్న్, వెనకటి వాటికి ఐటీఆర్-యు, ఖర్చు పైన చెప్పిందే. కానీ చాలామంది అడిగేది వేరు, "లోనుకి ఎనిమిది లక్షల ఆదాయం కనపడాలి, ఎలాగోలా చూపించండి" అని. లేని ఆదాయం చూపిస్తే లేని ఆదాయానికి ట్యాక్స్, దాని మీద వడ్డీ, 50, 60 శాతం అదనం నిజం డబ్బులతో కట్టాలి. పైగా పాత సంవత్సరాలన్నీ ఒకే వారంలో వేసినవని రిటర్న్ రసీదు మీద తేదీ చూస్తేనే తెలిసిపోతుంది, బ్యాంకు మేనేజర్‌కి అది చదవడం రాదా ఏంటి.

ట్యాక్స్ పడనంత ఆదాయం ఉన్నవాళ్ళకి ఐటీఆర్-యు అంతగా పనికిరాదు, అది అదనంగా కట్టేవాళ్ళ కోసం పెట్టింది. వాళ్ళు ఈ సంవత్సరానిది వేసి, ఎఫ్‌డీలు, ఆస్తి విలువ సర్టిఫికెట్, పొలం ఆదాయం కాగితాలతో వెళ్ళడమే నయం. పిల్లాడు ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచే ఏటా వేసుకుంటూ రమ్మని చెప్తుంటాను.

పొలం ఆదాయానికి ట్యాక్స్ లేదు కదా, రిటర్న్ కూడా అక్కర్లేదా?

పొలం ఆదాయం ఒక్కటే ఉంటే అక్కర్లేదు. జీతమో షాపో కూడా ఉంటే, దాంతో పాటు పొలం ఆదాయం 5,000 దాటితే రేటు లెక్క కోసం దాన్ని కలిపి చూస్తారు, ఐటీఆర్-1 కూడా పనికిరాదు. పట్టాదారు పాస్ పుస్తకం, పంట అమ్మిన పట్టీలు (తెలంగాణలో తక్‌పట్టీ అంటారు), ఎరువుల షాపు బిల్లులు దాచుకోండి. మిర్చి అమ్మిన డబ్బు 15 లక్షలు క్యాష్ బ్యాంకులో వేసి, అడిగినప్పుడు పట్టీ లేకపోతే అది లెక్కలేని డబ్బు అవుతుంది, పాత సంవత్సరాలకి అయితే సర్‌ఛార్జీ, సెస్ కలిపి 78 శాతం దాకా ట్యాక్స్. కష్టపడి పండించిన పంట డబ్బుకి ఆ గతి పట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పొలం అమ్మితే? పల్లెటూరి పొలం అయితే క్యాపిటల్ గెయిన్స్ (అమ్మగా వచ్చిన లాభం మీద ట్యాక్స్) లేదు. మున్సిపాలిటీ జనాభాని బట్టి 2, 6, 8 కిలోమీటర్ల లోపు ఉంటే పట్టణ భూమి కింద లెక్క. హైదరాబాద్, విజయవాడ చుట్టుపక్కల అమ్ముకున్నవాళ్ళు ఇది చూసుకోకుండా "పొలమే కదా" అని ఊరుకుని తర్వాత నోటీసు తెచ్చుకుంటున్నారు.

నేను ఎన్ఆర్ఐని, హైదరాబాద్ ఫ్లాట్ అద్దె మాత్రమే ఇక్కడి ఆదాయం

అద్దె, వడ్డీలు కలిపి బేసిక్ లిమిట్ దాటితే ఇక్కడ వేయాలి. రిబేటు ఇండియా రెసిడెంట్లకే, మీకు రాదు, కాబట్టి ఇక్కడున్న మీ తమ్ముడికి పడని ట్యాక్స్ అదే ఆదాయానికి మీకు పడుతుంది.

తిరిగొచ్చేసినవాళ్ళ సంగతి ఇంకొంచెం జాగ్రత్త. వచ్చిన కొత్తలో సాధారణంగా ఒకటి రెండేళ్ళు ఆర్ఎన్ఓఆర్ (ఎన్ఆర్ఐకీ పూర్తి రెసిడెంట్‌కీ మధ్యది) స్టేటస్ ఉంటుంది, అది దాటి పూర్తి రెసిడెంట్ అయ్యాక అక్కడి బ్యాంకు ఖాతా, 401కే (అమెరికా రిటైర్మెంట్ ఖాతా), షేర్లు అన్నీ రిటర్న్‌లో షెడ్యూల్ ఎఫ్ఏలో (ఫారిన్ ఆస్తుల పట్టిక) చూపించాలి, ఆదాయం ఎంతున్నా సరే. అమెరికా గడప తొక్కకపోయినా ఇక్కడి ఆఫీసులోనే పనిచేస్తూ అమెరికా కంపెనీ ఆర్ఎస్‌యూలు (ఉద్యోగులకి కంపెనీ ఇచ్చే షేర్లు) ఉన్నవాళ్ళకీ ఇదే రూలు. చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీకి అవకాశం ఉంది, స్థిరాస్తి కాకుండా మిగతావి కలిపి 20 లక్షలు దాటకపోతే ఆ పెనాల్టీ వేయకుండా 2024 అక్టోబర్ నుంచి సడలింపు ఇచ్చారు. ఈ కేసులు మాత్రం సొంతంగా చేసుకోవద్దు, ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి.

నోటీసు వచ్చేసింది. ఇప్పుడేం చెయ్యాలి?

ముందు అది నోటీసో, ఊరికే గుర్తుచేసే మెసేజో చూడండి. "మీరు పెద్ద లావాదేవీ చేశారు, రిటర్న్ వేయండి" అని వచ్చే ఎస్సెమ్మెస్, మెయిల్ నోటీసు కాదు, అది మంచి అవకాశం, అప్పుడే వేసేసుకోండి. మెసేజ్‌లో లింకు నొక్కి కార్డు నంబరు ఇవ్వమంటే అది దొంగ, పోర్టల్‌లో లాగిన్ అయ్యి పెండింగ్ యాక్షన్స్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

142(1) నోటీసు అంటే రిటర్న్ వేయమనో కాగితాలు ఇమ్మనో అడగడం. ఇచ్చిన తేదీలోపు జవాబు ఇవ్వకపోతే 10,000 పెనాల్టీ పడొచ్చు, ఆఫీసరు తన దగ్గరున్న సమాచారంతో తనే లెక్క కట్టేస్తారు, ఆ లెక్కలో మీ ఖర్చులేవీ ఉండవు, బ్యాంకులో పడిన ప్రతి రూపాయీ ఆదాయమే. 148ఏ నోటీసు అంటే పాత సంవత్సరాన్ని తిరగతోడడానికి ముందు మీ మాట అడగడం. మామూలుగా అసెస్‌మెంట్ ఇయర్ అయ్యాక మూడేళ్ళ మూడు నెలల దాకా 148 నోటీసు ఇవ్వొచ్చు, దాచిన ఆదాయం 50 లక్షలు లేదా అంతకు మించితే ఐదేళ్ళ మూడు నెలల దాకా. 148ఏకి మంచి జవాబిస్తే అక్కడితో ఆగిపోయిన కేసులు ఉన్నాయి, చిట్టీ పాడిన డబ్బని చిట్ ఫండ్ పాస్ పుస్తకం పెట్టో, బంగారం లోను అని బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టో. జవాబే ఇవ్వనిది మాత్రం ఆగదు. తర్వాత తక్కువ చూపించారంటే దాని ట్యాక్స్‌లో 50 శాతం, కావాలని తప్పు చూపించారంటే 200 శాతం పెనాల్టీ ఉంది, ఆ 200తో పోలిస్తే ఐటీఆర్-యు 70 శాతం కూడా చవకే.

జైల్లో వేస్తారా?

1961 చట్టం సెక్షన్ 276సీసీలో ఉంది, కావాలని రిటర్న్ వేయకపోతే కేసు పెట్టొచ్చు, ఎగ్గొట్టిన ట్యాక్స్ ఎక్కువైతే శిక్ష కూడా ఎక్కువ. కానీ టీడీఎస్, అడ్వాన్స్ ట్యాక్స్ పోగా కట్టాల్సింది 10 వేల లోపుంటే మామూలు మనిషి మీద ఈ కేసు పెట్టరు. భయపడి ఇంకా దాక్కునేకంటే ముందుగా మీరే వేయడం మంచిది.

కట్టడానికి డబ్బుల్లేవు, వాయిదాల్లో కట్టొచ్చా?

బిలేటెడ్ రిటర్న్ అయితే "పే లేటర్" అని పెట్టి వేసేయొచ్చు, తర్వాత డిమాండ్ వస్తుంది, దాని మీద నెలకి 1 శాతం వడ్డీ. ఐటీఆర్-యుకి ఆ వెసులుబాటు లేదు, మొత్తం కట్టి చలాన్ వివరాలు పెడితేనే తీసుకుంటుంది. అన్ని సంవత్సరాలకీ ఒకేసారి డబ్బు లేకపోతే ముందు ఏ సంవత్సరం గడువు మూసుకుపోతోందో దాన్ని, తర్వాత ఏది శాతం మారబోతోందో దాన్ని వేయండి.

వేశాను, కానీ ఈ-వెరిఫై చేయలేదు

అయితే వేయనట్టే. 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో చేయాలి. 30 రోజులు దాటాక చేస్తే చేసిన రోజే వేసిన తేదీ అవుతుంది, జూలైలో వేసి అక్టోబర్‌లో వెరిఫై చేస్తే 5,000 ఫీజు పడ్డట్టే. ఫోన్ నంబరు మార్చుకుని ఆధార్‌లో మార్చనివాళ్ళకి ఇక్కడే బ్రేకు పడుతుంది, ముందుగా మీసేవకో ఆధార్ సెంటర్‌కో వెళ్ళండి.

పాన్, ఆధార్ లింకు లేదు

1,000 కట్టి లింకు చేసుకోండి, అదయ్యాకే మిగతా పని. పాన్ ఇనాపరేటివ్‌గా (చెల్లకుండా) ఉంటే రీఫండ్ రాదు, టీడీఎస్ ఎక్కువ కట్ చేస్తారు.

నాన్నగారు చనిపోయారు, ఆయన రిటర్న్ వేయాలా?

ఆయన బతికున్న రోజుల ఆదాయానికి వారసులు వేయాలి. డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్ (తహసీల్దార్ ఆఫీసులో ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్) పెట్టి పోర్టల్‌లో లీగల్ హెయిర్‌గా రిజిస్టర్ అవ్వాలి. బాకీ ఉంటే ఆయన వదిలిన ఆస్తి విలువ వరకే మీ బాధ్యత. అమ్మగారిని ఓటీపీల కోసం ఇబ్బంది పెట్టకుండా పిల్లల్లో ఒకరు పూనుకుంటే మేలు.

ఒకతను రీఫండ్ మొత్తం ఇప్పిస్తా, పది శాతం ఇస్తే చాలు అంటున్నాడు

లేని విరాళాలు, లేని అద్దె, లేని పార్టీ చందాలు చూపించి తెస్తాడు, ఆ తర్వాత అతని ఫోన్ పనిచేయదు, మీ పాన్ మాత్రం పనిచేస్తుంది. రిటర్న్ మీద సంతకం మీది. ఇప్పటికే అలా తీసుకునుంటే తగ్గింపులు తీసేసి ఐటీఆర్-యుతో సరిచేసుకునే వీలుంది, అడగకముందే.

2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చింది కదా, పాతవి మాఫీ అవుతాయా?

అవ్వవు. కొత్త ఇన్‌కం ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి సంపాదించే ఆదాయానికి, అందులో అసెస్‌మెంట్ ఇయర్ బదులు ట్యాక్స్ ఇయర్ అని ఉంటుంది, సెక్షన్ల నంబర్లు మారాయి. అంతకుముందు సంవత్సరాలు 1961 చట్టం ప్రకారమే నడుస్తాయి, ఇక్కడ రాసిన నంబర్లన్నీ ఆ పాత చట్టంవే.

సొంతంగా వేసుకోవచ్చా, ఆడిటర్ దగ్గరికి వెళ్ళాలా?

జీతం, బ్యాంకు వడ్డీ మాత్రమే ఉండి ఒక ఏడాది బిలేటెడ్ అయితే సొంతంగా వేసుకోవచ్చు, పోర్టల్‌లో చాలావరకు నింపే ఉంటుంది. రెండు మూడు సంవత్సరాల ఐటీఆర్-యు, ఎఫ్ అండ్ ఓ, భూమి అమ్మకం, ఫారిన్ ఆస్తులు, నోటీసు, వీటిలో ఏదున్నా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పోర్టల్ పాస్‌వర్డ్, ఆధార్‌కి లింకైన ఫోన్, అన్ని బ్యాంకుల ఏప్రిల్ నుంచి మార్చి స్టేట్‌మెంట్లు పట్టుకెళ్ళండి, పాస్ పుస్తకం ఫొటోలు వాట్సాప్‌లో పంపితే సగం అంకెలు కనపడవు. పని అయ్యాక రసీదు, లెక్క కాగితం, చలాన్ మూడూ అడిగి తీసుకోండి, రిటర్న్‌లో మీ సొంత ఫోన్ నంబరు, మెయిల్ ఉన్నాయో లేదో చూడండి, చాలా ఆఫీసుల్లో వాళ్ళ నంబరే పెట్టేస్తారు, తర్వాత నోటీసులన్నీ వాళ్ళ దగ్గరికే వెళ్తాయి.